ఎన్‌డీఏకి పంపుతున్నారా? మీ ప్రశ్నలు, నా జవాబులు

పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ, అంటే ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ మూడింటికీ కాబోయే ఆఫీసర్లని తయారుచేసే చోటు) గురించి ఈమధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. ఇంటర్ పిల్లలు రాశారు, అమ్మానాన్నలు రాశారు, అమెరికా నుంచి ఒకావిడ రాశారు. పరీక్షకి ఎలా చదవాలో చెప్పేవాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు కాబట్టి నేను దాని జోలికి పోను. గేటు దాటి లోపలికెళ్లాక పిల్లల రోజు ఎలా గడుస్తుంది, అక్కడి ఆనవాయితీలేంటి, వాటిలో దేన్ని నెత్తిన పెట్టుకోవాలి, దేన్ని అస్సలు ఒప్పుకోకూడదు అన్నదే ఈసారి విషయం. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, అక్కణ్ణుంచి ఖడక్‌వాస్లా వెళ్లి, సైన్యంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. తెలిసింది తెలిసినట్టు చెప్తాను.

ప్రశ్న: మావాడికి ఎన్‌డీఏలో సీటొచ్చింది. ఇంట్లో కప్పుకున్న దుప్పటి కూడా మడతపెట్టడు. అక్కడ గుండు చేస్తారట, ఫోన్ ఇవ్వరట, నిద్రపోనివ్వరట. నిజంగా ఏం చేస్తారండీ? నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి, విజయనగరం)

అమ్మా, మీరు విన్నదాంట్లో చాలావరకు నిజమే. జుట్టు దాదాపు మొత్తం తీసేస్తారు. మొదటి టర్మ్‌లో సొంత ఫోన్ మీద ఆశ పెట్టుకోకండి, వీలు దొరికినప్పుడు హడావుడిగా రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తాడు. నిద్ర తగ్గుతుంది, క్లాసులో కునుకు తీయని ఫస్ట్ టర్మర్ ఉండడు.

మూడేళ్ల చదువు, ఆరు టర్మ్‌లు. చేరిన రోజే ఒక స్క్వాడ్రన్‌లో వేస్తారు. ఆల్ఫా, బ్రావో, చార్లీ అని మొదలుపెట్టి రోమియో దాకా 18 స్క్వాడ్రన్లు (హెచ్ దగ్గర హంటర్, పీ దగ్గర పాంథర్ అంటారు). ఆ స్క్వాడ్రనే మూడేళ్లపాటు వాడి ఇల్లు. ముప్ఫై ఏళ్ల తర్వాత ఎక్కడో లేహ్‌లో ఇద్దరు ఆఫీసర్లు కలిసినా ముందు అడిగేది ఇదే, ఏ స్క్వాడ్రన్, ఏ కోర్స్ (అంటే ఏ బ్యాచ్) అని. ఊరూ కులమూ భాషా అన్నీ ఆ తర్వాతే. నాకు ఆ అకాడమీ మీద అంత గౌరవం ఉండటానికి ఇది పెద్ద కారణం.

తెల్లవారకముందే స్క్వాడ్రన్ ముందు ఫాలిన్, అంటే వరసలో నిలబడటం. తర్వాత పీటీ గానీ డ్రిల్ గానీ, టిఫిన్, క్లాసులు, భోజనం, సాయంత్రం ఆటలు, రాత్రి చదువు. చదువు ఉత్తుత్తిది కాదు, చివర్లో జేఎన్‌యూ డిగ్రీ ఇస్తారు. మెస్‌లో రెండు వేల మందికి పైగా ఒకేసారి కూర్చుని తింటారు. క్లాసుకీ పీటీకీ సైకిళ్ల మీద జట్టుగా వెళ్లాలి, ఒక్కరి సైకిల్ చైన్ ఊడినా జట్టంతా ఆలస్యం. సైకిల్ పాడైనవాడు దాన్ని భుజాన వేసుకుని పరిగెత్తడం అక్కడ రోజూ కనిపించే దృశ్యం.

ఇక బట్టలు మార్చడం. పీటీ డ్రెస్ వేరు, డ్రిల్ యూనిఫాం వేరు, క్లాసుకి ఒకటి, ఆటలకి ఒకటి, రాత్రి భోజనానికి టై కట్టుకుని మఫ్తీ. ఒక్కోసారి సీనియర్ వచ్చి కారిడార్‌లో నిలబెట్టి, ఫలానా డ్రెస్‌లో రండి, మూడు నిమిషాలు అంటాడు. వస్తే ఇంకో డ్రెస్ చెప్తాడు. దీన్నే పట్టీ పరేడ్ అంటారు. మొదటిసారి చూస్తే పిచ్చిపనిలా ఉంటుంది. నాలుగోసారికి కుర్రాళ్లకి తెలివొస్తుంది, ఒకడి టై ఇంకొకడు కడతాడు, ఒకడి బూటు లేసు ఇంకొకడు బిగిస్తాడు, అందరూ కలిసి దిగితే తప్ప ఎవరూ టైముకి రాలేరని అర్థమవుతుంది. డ్రిల్ బూట్ల సంగతీ అంతే. కివీ పాలిష్ డబ్బా మూతలో రెండు చుక్కల నీళ్లు పోసుకుని, వేలికి మెత్తటి గుడ్డ చుట్టి, బూటు ముందుభాగం మీద చిన్న చిన్న సున్నాలు చుడుతూ పొరమీద పొర వేయాలి. తొందరపడితే మసకబారిపోతుంది, మళ్లీ మొదటికి రావాలి. సరిగ్గా వస్తే అందులో ట్యూబ్‌లైటు కనపడుతుంది. మా రోజుల్లో చెయ్యి తిరిగినవాడు రాత్రి కూర్చుని పక్క కేబిన్ వాడి బూట్లు కూడా చేసిపెట్టేవాడు, లెక్కలు వచ్చినవాడు వాడికి లెక్కలు చెప్పేవాడు.

డ్రిల్ స్క్వేర్ టెస్ట్ అని ఒకటుంటుంది. నడక, సెల్యూట్, మలుపు అన్నీ చూసి పాస్ చేస్తే గానీ ఆదివారం బయటికి వెళ్లే లిబర్టీ దొరకదు. ఆ టెస్ట్ పాసైన వారం మీవాడి గొంతులో తేడా మీకే తెలుస్తుంది.

ఇప్పటి నుంచి చేయగలిగింది చెప్తాను. వాడి బట్టలు వాణ్ణే ఉతుక్కోనివ్వండి, ఇస్త్రీ చేసుకోవడం, గుండీ కుట్టుకోవడం నేర్పండి. ఈత రాకపోతే ఈ సెలవుల్లోనే నేర్పించండి, ఈత టెస్ట్ దగ్గర మన పిల్లలు చాలామంది తంటాలు పడతారు. రోజూ పొద్దున్నే పరిగెత్తమనండి. చేరాక కాగితం మీద ఉత్తరం రాయండి. ఫోన్ మాట రెండు నిమిషాల్లో అయిపోతుంది, ఉత్తరం కేబిన్‌లో అల్మారా తలుపు వెనకాల అతికించుకుని టర్మంతా చదువుకుంటాడు. ఇంటి కబుర్లు రాయండి, ఏడుపు రాయకండి.

ప్రశ్న: నేను పది దాకా తెలుగు మీడియం. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, మాట్లాడాలంటే నోరు రాదు. హిందీ అసలే రాదు. నాలాంటివాడు అక్కడ నెగ్గగలడా సార్? (ఇంటర్ విద్యార్థి, కరీంనగర్)

నెగ్గుతావు తమ్ముడూ. రాతపరీక్ష ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లో, హిందీలో మాత్రమే ఉంటుంది, తెలుగులో ఉండదు, కాబట్టి చదివి అర్థం చేసుకునేంత ఇంగ్లిష్ నీకు ఎలాగూ కావాలి. లెక్కల పేపర్ 300 మార్కులు, జనరల్ ఎబిలిటీ 600, ఆ పైన ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూ 900. ఆ ఇంటర్వ్యూ దగ్గర మాట్లాడటం తప్పదు. వ్యాకరణంలో చిన్న చిన్న తప్పులు దొర్లినా పర్వాలేదు గానీ అనుకున్నది తడుముకోకుండా చెప్పగలగాలి. రోజూ ఒక వార్త తీసుకుని దాని గురించి ఐదు నిమిషాలు పైకి మాట్లాడు, వినేవాళ్లు లేకపోతే గోడకి చెప్పు.

లోపల డ్రిల్ ఆర్డర్లు హిందీ. సావధాన్, విశ్రామ్, తేజ్ చల్, థమ్. డ్రిల్ నేర్పే ఉస్తాద్‌లు తిట్టేది కూడా హిందీలోనే, అది రెండు వారాల్లో వచ్చేస్తుంది. నీతో పాటు మణిపూర్ వాడు, కేరళ వాడు, మిజోరం వాడు కూడా ఉంటారు, హిందీ వాళ్లకీ కొత్తే. పక్కనే తెలుగువాడు దొరికాడని వాడితోనే తిరగకు, అదొక్కటే నేను గట్టిగా చెప్పేది. మొదటి టర్మ్‌లో మనవాళ్లు చేసే పొరపాటు అదే, దానివల్ల ఆరు నెలలైనా నోరు తిరగదు.

ప్రశ్న: రగ్డా, రగ్డా అని మా అన్నయ్య స్నేహితుడు గొప్పగా చెప్తాడు. నాకు వింటే అది ర్యాగింగే అనిపిస్తోంది. సంప్రదాయం అని పేరు పెడితే సరిపోతుందా? (డిగ్రీ విద్యార్థిని, కర్నూలు)

సరిపోదమ్మా. ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగాలనే ఎదురుచూస్తున్నాను.

తప్పుచేసిన క్యాడెట్‌కి నియమాల ప్రకారం వేసే శిక్షలు కొన్నున్నాయి. ఎక్స్‌ట్రా డ్రిల్, అంటే ఈడీ, అందరూ విశ్రాంతి తీసుకునే వేళ ఎండలో డ్రిల్ చేయాలి. రెస్ట్రిక్షన్స్ అంటే రోజులో పదేపదే పూర్తి యూనిఫాంలో హాజరు వేయించుకోవాలి, బయటికి పోవడం ఉండదు. ఇంకొంచెం పెద్ద తప్పైతే ఆదివారం పూట సింహగఢ్ కోటకి నడక. శివాజీ సేనాని తానాజీ మాలుసరే ప్రాణాలిచ్చిన ఆ కోట ఖడక్‌వాస్లా నుంచి కనిపిస్తూనే ఉంటుంది, ఎక్కేటప్పుడు మాత్రం ఎంత దూరమో తెలిసొస్తుంది. ఇవన్నీ కాగితం మీద ఉంటాయి, ఆఫీసర్‌కి తెలిసి జరుగుతాయి, వీటితో నాకు ఏ పేచీ లేదు.

రెండోది మీరన్న రగ్డా. సీనియర్ జూనియర్లందరినీ కలిపి చేయించే పుషప్‌లు, ఫ్రంట్ రోల్స్, పాకడం, గోడకుర్చీలు. ఒకడు తప్పుచేస్తే కోర్సంతా చెమటోడుస్తుంది. ఒక మోతాదు వరకు ఇది ఒళ్లు గట్టిపరుస్తుంది, నా తప్పుకి నా పక్కవాడు శిక్ష అనుభవిస్తున్నాడన్న స్పృహ తెస్తుంది, యుద్ధంలో జరిగేది అదే కాబట్టి దానికో అర్థం ఉంది. కానీ మోతాదు దాటిన క్షణం నుంచి దానికి ఏ అర్థమూ లేదు. జ్వరం ఉన్నవాడితో, కాలు వాచినవాడితో చేయించడం, అర్ధరాత్రి నిద్రలేపి చేయించడం, తిండి తిననివ్వకపోవడం, చెయ్యిచేసుకోవడం, ఇవేవీ సంప్రదాయాలు కావు. జూనియర్ ఒంటి మీద చెయ్యి వేయకూడదన్నది ఎన్నోసార్లు చెప్పిన ఆర్డర్. దాన్ని దాటినవాడు సైనిక క్రమశిక్షణని తుంగలో తొక్కుతున్నట్టే. మేం పడ్డాం కాబట్టి మీరూ పడండి అనేవాడు రేపు తన కింద పనిచేసే జవాన్లని ఎలా చూసుకుంటాడో నాకు భయం వేస్తుంది.

కుర్రాళ్లకి చెప్పేది ఇది. మీ కోర్స్‌మేట్ ఒంటి మీద దెబ్బ కనపడితే డివిజనల్ ఆఫీసర్‌కి చెప్పండి, ఆ ఆఫీసర్ పనే అది. లేదా మెడికల్ ఆఫీసర్ దగ్గర ఉన్నది ఉన్నట్టు చెప్పండి, బాత్రూమ్‌లో జారిపడ్డానని కథ అల్లకండి. చాడీలు చెప్పకూడదన్న కట్టుబాటు అక్కడ బలంగా ఉంటుంది, నాకు తెలుసు. అది చిన్న చిన్న తప్పులకి. ఒక మనిషికి హాని జరుగుతుంటే మౌనంగా ఉండటం కోర్స్‌మేట్ చేసే పని కాదు. ఇంట్లోవాళ్లు కూడా సందేహం వస్తే స్క్వాడ్రన్ కమాండర్‌తో మాట్లాడటానికి మొహమాటపడొద్దు.

ప్రశ్న: అమ్మాయిలకి ఎన్‌డీఏ నిజంగా అబ్బాయిలతో సమానంగానే ఉంటుందా? ఇంట్లో నాన్న ఒప్పుకోవడం లేదు. (ఇంటర్ సెకండియర్, గుంటూరు)

2021 ఆగస్టు 18న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చేదాకా అమ్మాయిలకి ఆ పరీక్ష రాసే హక్కే లేదు. ఆ ఏడాది నవంబర్‌లో మొదటిసారి రాశారు. 2022లో 148వ కోర్సుతో 19 మంది చేరారు, వాళ్లలో 17 మంది 2025 మే 30న పాసై బయటికొచ్చారు. ఆ పరేడ్ టీవీలో చూస్తూ నేను లేచి నిలబడ్డాను. మా కాలంలో ఊహకి కూడా రాని సంగతి అది, ఇంకా ముందే జరగాల్సింది.

శిక్షణలో ఎక్కువ భాగం కలిసే ఉంటుంది, డ్రిల్, క్లాసులు, క్యాంపులు అన్నీ. శారీరక పరీక్షల కొలతల్లో కొన్ని తేడాలుంటాయి. అమ్మాయిల సీట్లు ఇంకా తక్కువే, ప్రతి నోటిఫికేషన్‌లో ఎన్నో రాస్తారు, చూసుకో. ఎయిర్‌ఫోర్స్, నేవీకి ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఉండాలి, ఆర్మీకి ఏ గ్రూపైనా సరే. కోర్సు మొదలయ్యేనాటికి వయసు పదహారున్నరకీ పందొమ్మిదిన్నరకీ మధ్య ఉండాలి. అమ్మాయిలకి దరఖాస్తు ఫీజు లేదు.

నాన్నగారి మాటకొస్తే, ఆయన భయం దేని గురించో ముందు కనుక్కో. ఖర్చు గురించైతే తిండి, బస, యూనిఫాం, పుస్తకాలు, వైద్యం అన్నీ ప్రభుత్వమే చూసుకుంటుంది, పాకెట్ మనీ లాంటి చిన్న ఖర్చులే ఇంటివి. భద్రత గురించైతే ఈ పేజీ ఆయనకి చూపించు, పై జవాబు కూడా దాచకుండా చూపించు. అన్నీ తెలిసి ఒప్పుకున్న నాన్న రేపు నువ్వు మొదటి టర్మ్‌లో ఏడుస్తూ ఫోన్ చేసినా కంగారుపడి వచ్చెయ్యమనడు.

ప్రశ్న: అకాడమీ ప్రధాన భవనానికి సూడాన్ బ్లాక్ అని పేరెందుకు? (రిటైర్డ్ ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం)

మాస్టారూ, రెండో ప్రపంచయుద్ధంలో తూర్పు ఆఫ్రికాలో ఇటలీ సైన్యాన్ని ఎదిరించి మన సైనికులు పెద్ద సంఖ్యలో చనిపోయారు. వాళ్ల త్యాగానికి కృతజ్ఞతగా సూడాన్ ప్రభుత్వం లక్ష పౌండ్లు ఇచ్చింది. దేశ విభజన తర్వాత మన వాటాకి వచ్చిన 70,000 పౌండ్లు అకాడమీ కట్టడానికి వాడారు, అందుకని ఆ పేరు. 1949 జనవరిలో డెహ్రాడూన్‌లో జాయింట్ సర్వీసెస్ వింగ్‌గా శిక్షణ మొదలైంది, ఆ అక్టోబర్ 6న ఖడక్‌వాస్లాలో నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1955 జనవరిలో ఇక్కడ ప్రారంభోత్సవం జరిగింది. మూడు దళాల పిల్లల్ని ఒకే చోట పెట్టి తయారుచేయడం ప్రపంచంలో అదే మొదలు.

భవనం గురించి అడిగారు గానీ, ఆ ఆవరణలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది హట్ ఆఫ్ రిమెంబరెన్స్. క్యాడెట్లే శ్రమదానంతో కట్టుకున్న చిన్న కట్టడం. అక్కడ చదివి యుద్ధాల్లో ప్రాణాలిచ్చినవాళ్ల పేర్లు గోడల మీద చెక్కి ఉంటాయి. దాని ముందు నుంచి వెళ్లేటప్పుడు మాటలు ఆగిపోతాయి. పరమవీరచక్ర అందుకున్న అకాడమీ పూర్వ విద్యార్థులు ముగ్గురూ అక్కడున్నారు. 1961లో కాంగోలో గుర్‌బచన్ సింగ్ సలారియా, 1971లో బసంతర్ దగ్గర అరుణ్ ఖేతర్‌పాల్, 1999లో కార్గిల్‌లో మనోజ్ కుమార్ పాండే. ఖేతర్‌పాల్ ఫాక్స్‌ట్రాట్ స్క్వాడ్రన్, 38వ కోర్స్. 1971 జూన్‌లో కమిషన్, డిసెంబర్ 16న వీరమరణం, అప్పటికి 21 ఏళ్లు. పరేడ్ గ్రౌండ్‌కి ఆయన పేరే పెట్టారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు రోజూ పొద్దున్నే ఆ గ్రౌండ్‌లో కాళ్లు తాటిస్తూ, తనలాంటివాడి పేరు మీద నడుస్తున్నానని తెలుసుకోవడం ఉంది చూశారూ, ఏ క్లాసులోనూ అది చెప్పలేరు.

ప్రశ్న: మేం నార్త్ కరోలినా షార్లెట్‌లో ఉంటాం. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, పక్క రాష్ట్రంలోని సిటడెల్‌లో చేరతానంటున్నాడు. అదీ ఎన్‌డీఏ లాంటిదేనా? సైన్యంలోకి తప్పకుండా వెళ్లాలా? (ఒక తల్లి, షార్లెట్)

పైకి పోలికలున్నా అసలు సంగతి వేరమ్మా. సిటడెల్ సౌత్ కరోలినా ప్రభుత్వ మిలిటరీ కాలేజీ, చార్ల్‌స్టన్‌లో ఉంది, 1842లో పెట్టారు. యూనిఫాం, పరేడ్, బ్యారక్స్ బతుకు అన్నీ ఉంటాయి గానీ చదివిన ప్రతివాడూ సైన్యంలోకి వెళ్లాలని లేదు, చాలామంది మామూలు ఉద్యోగాల్లోకే పోతారు. ఆర్‌ఓటీసీ (కాలేజీలోనే ఆఫీసర్ శిక్షణ ఇచ్చే కార్యక్రమం) తరగతులు అందరికీ ఉంటాయి, కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టినవాళ్లకే సైన్యం బాధ్యత. కాలేజీ ఫీజు కట్టాలి, సౌత్ కరోలినా వాళ్లకి ఒక రేటు, బయటి రాష్ట్రం వాళ్లకి ఎక్కువ, మీరు బయటివాళ్ల కింద వస్తారు. ఎన్‌డీఏలో ఫీజు లేదు, చేరినవాడు ఆఫీసర్ కావడానికే చేరతాడు.

మొదటి ఏడాది క్యాడెట్లని అక్కడ నాబ్స్ అంటారు, గుండుతో తలలు తలుపు గుబ్బల్లా ఉంటాయని. ఆ ఏడాదంతా కఠినంగా ఉండి చివర్లో రికగ్నిషన్ డే వస్తుంది, ఆ రోజు నుంచి పైవాళ్లు వాళ్లని పేరు పెట్టి పిలుస్తారు. ఆఖరి ఏడాదిలో అందరికీ ఒకే నమూనా ఉంగరం. అబద్ధం ఆడను, మోసం చేయను, దొంగిలించను, చేసేవాణ్ణి సహించను అన్న ఆనర్ కోడ్ ఉంది, అది తప్పితే కాలేజీ నుంచి పంపేస్తారు. అమ్మాయిల విషయంలో అక్కడా కోర్టే తలుపు తీయించింది. 1995లో షానన్ ఫాక్‌నర్ కోర్టు ద్వారా చేరి కొద్ది రోజుల్లోనే వదిలేయాల్సొచ్చింది, 1999లో నాన్సీ మేస్ క్యాడెట్ల దళంలో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మహిళ అయ్యారు.

వాడు ఎందుకు వెళ్తానంటున్నాడో అడగండి. ఉంగరం కోసమో ఫొటోల కోసమో అయితే మొదటి నెలలోనే ఇంటికొచ్చేస్తాడు. ఒక్కరోజు లోపల ఉండి చూసే ఏర్పాటు ఉంటే తప్పకుండా పంపి, ఆ తర్వాతే ఫీజు సంగతి ఆలోచించండి.

ప్రశ్న: మావాణ్ణి మూడో టర్మ్‌లో రెలిగేట్ చేశారు. ఆరు నెలలు వెనక్కి. చుట్టాలు అడుగుతుంటే తల ఎత్తుకోలేకపోతున్నాను. తిరిగి వచ్చెయ్యమందామా? (ఒక తండ్రి, ఖమ్మం)

వద్దు సార్, దయచేసి ఆ మాట అనకండి.

చదువులోనో, పీటీలోనో, ఈతలోనో, క్రమశిక్షణలోనో గీత దాటలేకపోతే, లేదా జబ్బు చేసి ఎక్కువ రోజులు శిక్షణ తప్పినా, కింది కోర్సులో వేస్తారు. ఎవరికైనా జరగొచ్చు. పదేపదే జరిగితే మాత్రం అకాడమీ నుంచే పంపేస్తారు, అది దాచి చెప్పడం మంచిది కాదు. నష్టం ఏంటంటే సీనియారిటీ ఆరు నెలలు పోతుంది. అంతకంటే పెద్ద బాధ తన కోర్స్‌మేట్లు పై టర్మ్‌లోకి వెళ్లిపోతే తను నిన్నటి జూనియర్ల పక్కన ఫాలిన్ కావడం. మీ అబ్బాయి ఇప్పుడు మోస్తున్న బరువు అదీ, చుట్టాల మాట మీకు మాత్రమే ఉన్న బరువు.

నాకు తెలిసిన మంచి ఆఫీసర్లలో రెలిగేట్ అయినవాళ్లు చాలామంది ఉన్నారు. రెండు కోర్సులవాళ్లూ వాళ్లని మావాడే అంటారు, రెండు బ్యాచ్‌ల పెళ్లిళ్లకీ పిలుపులొస్తాయి. వాడు ఫోన్ చేసినప్పుడు కారణం అడగకండి, ఎందులో వెనకబడ్డాడో ఆ విషయానికి ఇప్పుడు ఏం చేస్తున్నాడో అడగండి. పీటీ అయితే సెలవుల్లో వచ్చినప్పుడు పొద్దున్నే వాడితో పాటు గ్రౌండ్‌కి వెళ్లండి, మీరు గట్టు మీద కూర్చున్నా చాలు. చుట్టాలకి, శిక్షణ జరుగుతోంది అనండి, ఆ మాట అక్షరాలా నిజం.

ప్రశ్న: శిక్షణలో కాలో చెయ్యో విరిగితే? పంపేస్తే బతుకేం కావాలి? (ఒక అన్న, శ్రీకాకుళం)

చేరే ముందు ప్రతి ఇంట్లోనూ మాట్లాడుకోవాల్సిన విషయం ఇది. బాక్సింగ్, గుర్రపుస్వారీ, అడ్డంకుల పరుగు, క్యాంపుల్లో బరువు మోస్తూ రాత్రి నడకలు ఉంటాయి, ఆఖర్లో స్క్వాడ్రనంతా కలిసి పరిగెత్తే జోష్ రన్ ఉంటుంది. ఎక్కువమందికి వచ్చేది కాలి ఎముకకి సన్నటి పగులు. నొప్పి దాచుకుని స్క్వాడ్రన్ కోసం పరిగెత్తడం గొప్ప అనుకుంటారు కుర్రాళ్లు. ఆ అలవాటు నాకు ససేమిరా నచ్చదు. మొదటి వారం చూపించుకుంటే కొన్ని వారాల విశ్రాంతితో పోయేది, దాచుకుంటే కెరీర్ తీసుకుపోతుంది.

తీవ్రంగా దెబ్బతిని శిక్షణకి పనికిరారని తేలితే మెడికల్ బోర్డు మీద బయటికి పంపేస్తారు. కమిషన్ రాలేదు కాబట్టి వాళ్లు మాజీ సైనికులు కారు, పెన్షన్ లేదు, అంగవైకల్య శాతాన్ని బట్టి నెలనెలా ఎక్స్‌గ్రేషియా ఇస్తారు. చాలా ఏళ్లు ఇలాంటి పిల్లల వైద్యం కుటుంబాల నెత్తినే పడింది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానే ఈ విషయం చేపట్టాక, మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్‌ని వీళ్లకీ వర్తింపజేశారు. అది మంచిదే గానీ సరిపోదు. దేశం కోసం యూనిఫాం వేసుకుని, ఆ శిక్షణలోనే నడుము విరిగిన కుర్రాడికి ఉద్యోగం, పునరావాసం చూపించాల్సిన బాధ్యత కూడా ప్రభుత్వానిదే అని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: మా అబ్బాయి పాసింగ్ అవుట్ పరేడ్‌కి వెళ్తున్నాం. భుజం మీద స్టార్లు మేమే పెట్టొచ్చా? (దంపతులు, నిజామాబాద్)

ఖడక్‌వాస్లాలో స్టార్లు పెట్టరండీ, చాలామంది ఇక్కడే పొరబడతారు. అక్కడ డిగ్రీ ప్రదానం, ఆ తర్వాత ఖేతర్‌పాల్ గ్రౌండ్‌లో పరేడ్, ఛాంపియన్ స్క్వాడ్రన్‌కి చీఫ్స్ ఆఫ్ స్టాఫ్ బ్యానర్, చివరికి అంతిమ్ పగ్, అంటే వీడ్కోలు బాణీకి నెమ్మదిగా అడుగులేస్తూ క్వార్టర్‌డెక్ దాటి వెళ్లిపోవడం. ఆ అడుగులు చూడటానికైనా వెళ్లండి. కమిషన్ వచ్చేది ఆ తర్వాత సొంత దళం అకాడమీలో శిక్షణ అయ్యాకే. ఆర్మీ అయితే డెహ్రాడూన్, నేవీ అయితే కేరళలో ఎళిమల, ఎయిర్‌ఫోర్స్ అయితే మన హైదరాబాద్ పక్కనే దుండిగల్. ఆ ఆఖరి దశలో నెలకి 56,100 రూపాయల స్టైపెండ్ కూడా వస్తుంది. స్టార్లు మీ చేతులతో పెట్టేది అక్కడ, కాబట్టి పెద్దవాళ్లనీ చుట్టాలనీ ఆ పరేడ్‌కి తీసుకెళ్లండి. ఈసారికి మీరిద్దరే వెళ్లి, సాయంత్రం వాడి స్క్వాడ్రన్ చూపించమని అడగండి, వాడి కోర్స్‌మేట్లందరికీ సరిపడా సున్నుండలు పట్టుకెళ్లండి.